ఎవరికి ఏ మాట చెప్పారు?

(కనకమామిడి సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

పట్నం పక్కన కూర్చొని అడవిలోని అన్నల ముచ్చట ఎందుకని అడుగుతారేమో. వాళ్ల మాట మన బాణీల్లో, మన డప్పు మీద వచ్చింది. దాని గురించి సాంస్కృతిక సభలో కాక ఇంకెక్కడ మాట్లాడుకుంటాం?

శ్రీకాకుళం చూడండి. 1967 అక్టోబర్ 31న లేవిడి దగ్గర కోరన్న, మంగన్న అనే ఇద్దరిని భూస్వాముల మనుషులు కాల్చి చంపారు. ఆ తర్వాత పోరాటాన్ని నడిపిన వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం ఇద్దరూ బడిపంతుళ్లు. సవర, జాతాపు గూడేల్లో వాళ్లు మావో పేరుతో మాట మొదలుపెట్టలేదు. షావుకారు అప్పు, కూలి, పోడు భూమి, వీటితో మొదలుపెట్టారు. సుబ్బారావు పాణిగ్రాహి ఆ కష్టాన్నే జముకుల కథగా కట్టి చెప్పాడు. జముకు చప్పుడు వినగానే జనం వచ్చి కూర్చునేవాళ్లు, అది వాళ్లకు చిన్నప్పటి నుంచి తెలిసిన చప్పుడు కదా.

అదే పోరాటం పట్నానికి వచ్చేసరికి భాష మారింది. 1970 జూలై 4న విరసం పుట్టింది. వ్యాసాలు, చర్చలు, ‘అర్ధ వలస, అర్ధ భూస్వామ్య’ వంటి మాటలు వచ్చాయి. ఇవి లెక్చరర్లకు, విద్యార్థులకు. 1972లో వచ్చిన జన నాట్య మండలి ఈ రెండింటినీ కలిపింది. గద్దర్ గోచీ, గొంగడి, కాలి గజ్జెలు చూసి కూలీ తన మనిషే అనుకున్నాడు. విద్యార్థికి మాత్రం ఊరంతా వేదిక మీదికి వచ్చినట్టు అనిపించింది. పాట ఒకటే, విన్నవాళ్లు మాత్రం వేరు వేరు సంగతులు విన్నారు.

ఆదిలాబాద్‌లో తునికాకు కట్ట ధర, భూమి పట్టా, ఫారెస్టోళ్ల మామూళ్లు. ఇవేవీ కల్పించినవి కావు, అందుకే మనవాళ్లు విన్నారు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లి సభకు నడిచి వచ్చిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. సర్కారు లెక్క 13 మంది. అంతకంటే చాలా ఎక్కువని జనం అంటారు.

పత్రికలతో మాట్లాడే తీరు మళ్లీ వేరు. 2004 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో చర్చలు జరిగాయి. కెమెరాల ముందు భూ పంపిణీ, ప్రజాస్వామిక హక్కులు. సరిగ్గా చర్చలకు ముందు రోజే, అక్టోబర్ 14న, రెండు పార్టీలు కలిసి మావోయిస్టు పార్టీ అయిందన్న ప్రకటన. పట్నం శాంతి మాట విన్నది, దళాలు ఇంకో మాట విన్నాయి. రెండూ ఒకే వారంలో!

నాకు అన్నిటికంటే బరువుగా అనిపించేది 2018 సెప్టెంబర్ 23. అరకు దగ్గర లివిటిపుట్టులో ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావును, మాజీ ఎమ్మెల్యే సివేరి సోమను చంపారు. ఇద్దరూ గిరిజనులే. బాక్సైట్ పేరు చెప్పారు. బాక్సైట్ వద్దన్నది మన గూడేల మాటే, చంపమన్నది మాత్రం మన మాట కాదు. మన మాటను మనల్ని అడగకుండా తీసుకుపోయి ఎక్కడ పెట్టారో చూడండి.

సర్కారూ తక్కువ తినలేదు. బస్తర్‌లో పోలీసులు లొంగిపొమ్మని గోండిలో పోస్టర్లు వేశారు. బడి పుస్తకంలో అరుదుగా కనిపించే గోండి, పోస్టరుకు దొరికింది!

2025లో ‘అభయ్’ పేరుతో ఆయుధాలు వదిలేద్దామా అన్న ప్రకటన వచ్చింది. అభిప్రాయాలు పంపడానికి అందులో ఈమెయిల్, ఫేస్‌బుక్ చిరునామాలు ఇచ్చారు. ఆ పేరు వెనక ఉన్న మల్లోజుల వేణుగోపాల్ రావు అక్టోబర్‌లో గడ్చిరోలిలో లొంగిపోయాడు. ఇన్నేళ్లు ఎవరి పేరు మీద పోరాటం నడిచిందో, ఆ సిగ్నల్ లేని గూడేల్లోని ముసలమ్మలు ఆ ఈమెయిల్‌కు ఏమని రాయాలి? వాళ్లను గోండిలో అడిగినవాళ్లు ఎవరైనా ఉన్నారా?