ధర మన చేతిలో లేకపోతే: చిలీ పాయీస్ ద్రాక్ష రైతుల అనుభవం

(రైతు సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



దక్షిణ అమెరికాలోని చిలీ దేశంలో మౌలే, ఇతాతా, బియోబియో ప్రాంతాల చిన్న రైతులు ఒక ఎర్ర వైన్ ద్రాక్షను పండిస్తారు. దాని పేరు పాయీస్. స్పానిష్ భాషలో ఆ మాటకు దేశం అని అర్థం. 16వ శతాబ్దంలో స్పెయిన్ వాళ్లు తెచ్చిన రకం ఇది.

దీనికి పందిరి అక్కర్లేదు, ఇనుప తీగలు అక్కర్లేదు. మొక్క పొదలా నిలబడుతుంది. చాలా తోటలకు చలికాలం వానలే ఆధారం. వేసవిలో చినుకు పడకపోయినా లోతుకు దిగిన వేర్లు తడిని అందుకుంటాయి. ప్రపంచమంతా ద్రాక్ష వేర్లను తినేసిన ఫిలాక్సెరా పురుగు చిలీకి చేరలేదు. అందుకే అంటు కట్టకుండా సొంత వేర్ల మీదే పెంచుతారు. నూరేళ్లు దాటిన తోటలు ఇప్పటికీ కాస్తున్నాయి.

మరి ఇంత గట్టి పంట పండించే రైతు ఎందుకు చితికిపోయాడు? 19వ శతాబ్దం మధ్యలో సంపన్న భూస్వాములు ఫ్రాన్స్ నుంచి కాబర్నే లాంటి రకాలు తెచ్చారు. పేరూ ధరా వాటికి పోయాయి. పాయీస్ చవక వైన్‌కు సరుకైంది. కొనేది కొద్దిపాటి పెద్ద కంపెనీలే. పండిన ద్రాక్షను రైతు ఆపుకోలేడు కనుక వాళ్లు చెప్పిందే ధర.

దీనికి తోడు 1974లో సైనిక ప్రభుత్వం 701వ డిక్రీ తెచ్చింది. చెట్లు నాటే ఖర్చులో 75 శాతం వరకు సబ్సిడీ ఇచ్చింది. పైన్, జామాయిల్ తోటలు కొండలను కమ్మేశాయి. 2017లో, 2023లో కార్చిచ్చు రేగినప్పుడు పాత ద్రాక్ష తోటలు కూడా కాలిపోయాయి.

అయినా కొందరు నిలబడ్డారు. కాయను అమ్మేయకుండా, వెదురు లాంటి బద్దల తడక మీద గుత్తులను చేత్తో రుద్ది, పాత పద్ధతిలో పిపేన్యో అనే వైన్ తామే తీసి సొంత పేరుతో అమ్ముతున్నారు. అందరికీ ఆ వీలు లేదు. ఎక్కువమంది ఇంకా కంపెనీల గేటు దగ్గరే ఉన్నారు.

పేపరు మిల్లుల ధర కోసం ఎదురుచూసే మన సుబాబుల్, జామాయిల్ రైతులకు ఈ కథ కొత్త కాదు. ధర రాకపోతే రకం మార్చమని మనకు సలహా ఇస్తారు. పాయీస్‌లో లోపం లేదు, బేరంలో ఉంది. విడివిడిగా గేటు దగ్గర నిలబడితే బేరం ఉండదు. కోతకు ముందే ధర ప్రకటించాలని సంఘంగా అడుగుదాం. చేతనైన చోట సరుకును మనమే తయారుచేసి అమ్ముకుందాం.