వేసవి విహారమున ఇన్సులిను సంరక్షణము



గత వేసవిలో మనుమలతో హైదరాబాదు చెంతనున్న రామోజీ ఫిలిం సిటీకి బోయితిని. పెద్దవానికి మధుమేహము, ఇన్సులిను లేనిదే వానికి పూట గడవదు. మందు చల్లగా నుండవలెనని, ఫ్రీజరులో గడ్డకట్టిన మంచుసంచికి సీసాను నేనే యానించి కట్టితిని. రెండు జాములు గడచి విప్పిచూడగా మందు గడ్డకట్టియుండెను! అట్టి ఇన్సులిను మరల కరగినను పనికిరాదు. వేడి దానికి శత్రువని యెఱుగుదును గాని, మితిమీఱిన చలియు నట్టిదేయని యెఱుగనైతిని.

తెఱవని సీసాను 2 మొదలు 8 డిగ్రీల సెంటిగ్రేడు నడుమ నుంచవలెను. వాడుకలోనున్నది 30 డిగ్రీలు మించనిచోట సాధారణముగా నాలుగు వారములు నిలుచును. ఎండలో నిలిపిన కారులో మాత్రము విడువరాదు.

మా కోడలు వివేకవతి. వేఱొక సీసాను చిన్న డబ్బాలో బెట్టి, తడిగుడ్డ చుట్టి, గాలి చొరబడు గుడ్డసంచిలో నీడపట్టున నుంచినది. కూజాలో నీరు చల్లబడు మర్మమే యిది: తడి యాఱుచు వేడిని గొనిపోవును. గుడ్డ యాఱినపుడెల్ల మరల తడుపవలెను. ప్లాస్టికు సంచిలో మూసినచో ఫలము లేదు. ఉక్కపోసెడి తీరదేశమున నీ యుపాయ మంతగా పాఱదు. అచట మంచునే వాడవలెను గాని, సీసాకును దానికిని నడుమ దళసరి తువాలుండవలెను.

భోజనమునకు ముందు మనుమడు తల్లి దాచిన మందునే సూదితో బుచ్చుకొని, తిని, తమ్ములతో మరల రంగులరాట్నము వరుసలో నిలిచెను.