రోగి మంచము చెంతకు పోవుటకు ముందు

(పాఠశాల వార్షికోత్సవమున ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగము)

 

మన పాఠశాల విడిచి నర్సింగు విద్యకు పోదలచిన బాలికలు కొందరు ఈ సభలో నున్నారు. వారిని గూర్చియే నాలుగు మాటలు చెప్పదలచితిని.

2020వ సంవత్సరమును ప్రపంచ ఆరోగ్య సంస్థ నర్సుల, మంత్రసానుల సంవత్సరముగా ప్రకటించియుండెను. ఫ్లోరెన్సు నైటింగేలు జన్మించి ఆ యేటికి 200 ఏండ్లు. ఉత్సవము జరుగవలసిన ఆ యేడే కోవిడు విజృంభించినది. మార్చి 25 నుండి దేశమంతటను లాక్‌డౌను. కళాశాలలు మూతపడినవి, పాఠములు సెల్‌ఫోనులోనికి వచ్చినవి. శరీరశాస్త్రము ఫోనులో చదువవచ్చును. కాని సూది గ్రుచ్చుటకు నరము వెదకుట, లేవలేని రోగిని ప్రక్కకు త్రిప్పుట ఫోనులో నేర్వవచ్చునా? అభ్యాసమునకుంచిన బొమ్మ మూలుగదు, భయపడదు.

2021 మే 3వ తేదీన, సిబ్బంది చాలనందున, బి.యస్సి., జి.యన్.యం. పూర్తిచేసిన నర్సులను సీనియరు వైద్యుల, నర్సుల పర్యవేక్షణలో కోవిడు సేవకు వినియోగింపవచ్చునని కేంద్ర ప్రభుత్వము ప్రకటించెను. చదువు ముగించినవారికే పర్యవేక్షణ వలయునన్నచో, చదువుచున్న పిల్లలకు ఎంత వలయునో యోచింపుడు. ధైర్యముగా పొండమ్మా యని వేదికపై నుండి పలుకుట మావంటి వారికి సులభమే.

రక్షణ కవచము సంగతి చూడుడు. తొడుగుకొనుట కంటె విప్పుట కష్టము, ఏలయన అంటు బయటివైపున నుండును. చేతొడుగులు మొదట తీయవలెను, మాస్కు చివర తీయవలెను. నడుమ చేతులు శుద్ధి చేసికొనవలెను. గంటల కొలది పనిచేసి, చెమటతో తడిసి, అలసివచ్చిన పిల్ల ఈ వరుస తప్పకుండుటకు ధైర్యము చాలదు. ఒకరు ఎదుట నిలిచి చూచుచుండగా పదిమారులు చేసిన అలవాటు కావలెను. ఎన్95 మాస్కైనను ముక్కు ప్రక్క సందున్నచో ప్రయోజనము స్వల్పము.

ఇంకొక మాట. ఆ కవచములో నర్సు ముఖము కానరాదు. రోగికి ఆమె గొంతే ఆధారము. 1909లో ఐడా స్కడర్ నర్సుల పాఠశాల ప్రారంభించిన వేలూరు ఆసుపత్రికి చిత్తూరు ప్రాంతపు తెలుగువారెందరో వచ్చుచుందురు. ఊపిరాడని అవ్వకు మాస్కు చాటునుండి "భయపడకవ్వా, ఇక్కడే ఉన్నాను" అను తెలుగు మాట వినబడుట చిన్న సంగతి కాదు. తమిళములోనే చదివినను ఇంటి మాట మరువకుడు.

తల్లిదండ్రులారా! కాలేజీలో చేర్చునపుడు మనము భవనమును, బస్సును, హాస్టలు భోజనమును విచారింతుము. ఆసుపత్రిలో మంచములెన్ని, వార్డులో పిల్లల ప్రక్క టీచరు నిలుచునా, అంటువ్యాధి వచ్చినపుడు మాస్కులెవరిత్తురు, పిల్లకే జ్వరము వచ్చిన ఎక్కడ ఉంచి చూతురు, తప్పిపోయిన వార్డు దినములు మరల పెట్టుదురా యని కూడ అడుగుడు. సమాధానము చెప్పుటకు విసుగుకొనిన చోట పిల్లను చేర్పకుడు.