మంచు గోడ ముందు చిన్న ఓడ



బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి వచ్చి ఖరగ్‌పూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ప్రయాణం అంటే రైలే. ఈనాటి పాఠంలో మాత్రం మనం ఓడ ఎక్కుదాం. ఉత్తర పసిఫిక్ తీరంలో, అలాస్కాలో, హిమానీనదాలు సముద్రంలోకి దిగే చోటికి వెళదాం. అక్కడ చూసే దృశ్యానికీ, మనకు దగ్గరలో ఉన్న హుగ్లీ ముఖద్వారానికీ ఏమిటి సంబంధం అన్నది చివరలో తెలుసుకుందాం.

ఎక్కడికి ఈ ప్రయాణం?

ముందుగా హిమానీనదం అంటే ఏమిటి? కొండల మీద ఏటా పడే మంచు కరగకుండా పొరలు పొరలుగా పేరుకుంటుంది. పై పొరల బరువుకు కింది మంచు గట్టిపడి, తన బరువుతో తానే మెల్లగా పల్లానికి జారుతుంది. ఇదే హిమానీనదం, అంటే గ్లేసియర్. మన గంగోత్రి హిమానీనదం పొడవు సుమారు 30 కిలోమీటర్లు. అది సముద్ర మట్టానికి దాదాపు 4,000 మీటర్ల ఎత్తున, గోముఖ్ దగ్గరే ముగుస్తుంది. అలాస్కాలో చలి ఎక్కువ, కొండలు తీరానికి దగ్గర. కాబట్టి అక్కడ కొన్ని హిమానీనదాలు నేరుగా సముద్రపు నీటిలోకే దిగుతాయి.

గ్లేసియర్ బే అనే అఖాతంలో ఉన్న మార్జరీ హిమానీనదం అటువంటిదే. దాని పొడవు సుమారు 34 కిలోమీటర్లు. సముద్రానికి ఎదురుగా నిలిచే దాని మంచు గోడ వెడల్పు 1.6 కిలోమీటర్లు. ఒకప్పుడు ప్రపంచంలోనే పొడవైనదిగా పేరున్న మన ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫాం పొడవు 1,072 మీటర్లు. అటువంటి ప్లాట్‌ఫాం ఒకటిన్నర అంత వెడల్పున, నీటి పైన సుమారు 250 అడుగుల ఎత్తున మంచు గోడను ఊహించుకోండి.

చిన్న ఓడ ఎందుకు?

అలాస్కాకు వచ్చే పెద్ద ఓడలలో రెండు మూడు వేల మంది ఉంటారు. చిన్న ఓడలలో వంద మంది కూడా ఉండరు. ఇరుకైన పాయల్లోకి చిన్న ఓడ వెళ్లగలదు. ఇంజను ఆపి నీటి మీద ఊరికే నిలబడగలదు. రబ్బరు పడవలు దించి ప్రయాణికులను తేలే మంచు ముక్కల మధ్యకు తీసుకుపోగలదు. అప్పుడు చిటపటమని చప్పుడు వినిపిస్తుంది. ఎన్నో ఏళ్ల క్రితం మంచులో బందీ అయిన గాలి బుడగలు ఇప్పుడు విడుదలవుతున్న చప్పుడు అది. మంచు నీలంగా ఎందుకు కనిపిస్తుందో కూడా గమనించవచ్చు. గట్టిపడిన మంచు వెలుతురులోని ఎరుపు రంగును పీల్చుకుంటుంది. నీలం మిగులుతుంది.

చిన్న ఓడకు ఇక్కడ చరిత్ర కూడా ఉంది. ప్రకృతి శాస్త్రజ్ఞుడు జాన్ మ్యూర్ 1879లో ఈ అఖాతానికి వచ్చింది ట్లింగిట్ తెగవారు నడిపిన చిన్న పడవలోనే. ఇప్పుడు ఇది జాతీయ పార్కు. 1992 నుంచి యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలం కూడా. వేసవిలో రోజుకు రెండు పెద్ద ఓడలకు మించి అనుమతి లేదు. సీళ్లు మంచు ముక్కల మీద పిల్లలను పెట్టే కాలంలో జాన్స్ హాప్కిన్స్ పాయలోకి ఓడలను రానివ్వరు.

గోడ ఎందుకు విరుగుతుంది?

వెనుక నుంచి మంచు తోసుకు వస్తూ ఉంటుంది. ముందు భాగాన్ని కింది నుంచి ఉప్పునీరు కరిగిస్తూ ఉంటుంది. ఆధారం పోయిన మంచు పగిలి, ఉరుము వంటి మోతతో నీటిలో పడుతుంది. ముక్క విరగడం ముందు కంటికి కనిపిస్తుంది, మోత తరువాత చెవికి చేరుతుంది.

తేలే మంచుకొండలో దాదాపు పదింట తొమ్మిది వంతులు నీటి కిందే ఉంటుంది. కింది భాగం కరిగేకొద్దీ దాని బరువు కేంద్రం మారిపోతుంది. ఒక్కసారిగా అది బోర్లా తిరగబడుతుంది. ఓడ నిలకడకూ వర్తించే సూత్రమే ఇది. మన ఊరి ఐ.ఐ.టి.లో 1952 నుంచి నౌకా నిర్మాణ శాస్త్రం బోధిస్తున్నారు. ఆ విద్యార్థులకు మొదట నేర్పే విషయాలలో ఇదొకటి.

అందువల్లనే అనుభవం ఉన్న కెప్టెన్లు మంచు గోడకు కనీసం పావు మైలు దూరంలో ఓడను ఆపుతారు. ఒక్కొక్కప్పుడు ఆ దూరం కూడా చాలదు. 2025 ఆగస్టు 10న ట్రేసీ ఆర్మ్ అనే పాయలో, సౌత్ సాయర్ హిమానీనదం దగ్గర కొండచరియ విరిగి నీటిలో పడింది. ఎదుటి ఒడ్డున నీరు 400 మీటర్లకు పైగా ఎగబాకింది. ఉదయం వేళ కావడంతో ఆ మూలన ఓడలు లేవు. హిమానీనదం వెనక్కి తగ్గినప్పుడు, అంతవరకు దాని ఊతతో నిలిచిన కొండవాలు బలహీనపడుతుంది. సుందర దృశ్యానికీ ప్రమాదానికీ మూలం ఒకటే అని గుర్తుంచుకోవాలి.

హిమానీనదం జమాఖర్చు

నెల జీతంతో నడిచే ఇంటికి ఈ విషయం సులభంగా అర్థమవుతుంది. పైన కురిసే మంచు హిమానీనదానికి జమ. కరిగేది, విరిగేది ఖర్చు. జమ ఎక్కువైతే ముందుకు వస్తుంది. ఖర్చు ఎక్కువైతే వెనక్కి పోతుంది.

1794లో కెప్టెన్ వాంకూవర్ బృందం వచ్చినప్పుడు గ్లేసియర్ బే దాదాపు పూర్తిగా మంచుతో నిండి ఉంది. 1916 నాటికి ఆ మంచు సుమారు 100 కిలోమీటర్లు వెనక్కి పోయింది. ఖరగ్‌పూర్‌లో బయలుదేరి హౌరా దరిదాపులకు చేరేంత దూరం. దీనికంతటికీ నేటి వేడిమే కారణం అనడం సరికాదు. సముద్రంలోకి దిగే హిమానీనదం ముందు రాళ్లు, మట్టి గట్టులా పేరుకుంటాయి. మంచు ఆ గట్టును వదిలి లోతైన నీటిలోకి జారితే, ఇక వేగంగా విరుగుతూ పోతుంది. అలాస్కాలోనే హబ్బర్డ్ అనే హిమానీనదం ఈనాటికీ ముందుకు వస్తోంది.

కాబట్టి ఒక్క హిమానీనదాన్ని చూసి తీర్పు చెప్పకూడదు. అన్నిటి ఖాతాలూ కలిపి చూడాలి. అలా చూసినప్పుడు ప్రపంచంలో అత్యధిక భాగం హిమానీనదాలు తరిగిపోతున్నాయని తేలింది. గ్లేసియర్ బేలోని మ్యూర్ హిమానీనదం 1941 ఫొటోలో సముద్రంలో నిలిచి ఉంది. అదే చోటు నుంచి 2004లో తీసిన ఫొటోలో అది కనిపించనే కనిపించదు. మంచు ఉన్న చోట నీరు, బోడి కొండ ఉన్న చోట పచ్చని చెట్లు ఉన్నాయి. ఐక్యరాజ్యసమితి 2025ను హిమానీనదాల పరిరక్షణ సంవత్సరంగా ప్రకటించింది.

మనకేమిటి?

ఇంట్లో ఒక చిన్న ప్రయోగం చేయండి. గ్లాసులో నీరు, మంచు ముక్కలు వేసి నీటి మట్టం దగ్గర గీత పెట్టండి. మంచు కరిగినా మట్టం పెద్దగా మారదు. ఇంకొక గ్లాసులో నీరు మాత్రమే పోసి, పైన టీ వడపోసే జల్లెడలో మంచు ముక్కలు ఉంచండి. కరిగిన కొద్దీ మట్టం గీత దాటుతుంది. నేల మీది హిమానీనదం రెండవ గ్లాసు వంటిది.

బెంగాల్‌లో గంగ నీటిలో ఎక్కువ భాగం వర్షపు నీరే. కనుక మంచు కరగడం మనల్ని నది దారిలో కంటే సముద్రం దారిలో ఎక్కువగా తాకుతుంది. హుగ్లీ ముఖద్వారంలో సాగర్ ద్వీపానికి దగ్గరగా ఘోరామారా అనే చిన్న ద్వీపం ఉంది. కోతవల్ల, పోటు ఉరవడివల్ల, పెరుగుతున్న సముద్ర మట్టంవల్ల అందులో చాలా భాగం నీటిపాలైంది. ఎన్నో కుటుంబాలు సాగర్‌కు తరలిపోయాయి. గ్లేసియర్ బేలో హూనా ట్లింగిట్ ప్రజలను 18వ శతాబ్దంలో ముంచుకొచ్చిన మంచు ఊళ్లు విడిపించింది. 2016లో అక్కడ వారికి మళ్లీ తమ వంశ గృహం ఏర్పడింది. మంచు వెనక్కి పోతే నేల తేలుతుంది. నీరు పైకి వస్తే నేల మునుగుతుంది. ఘోరామారా వారికి తిరిగి వెళ్లడానికి నేలే మిగలదు.

సారాంశం

హిమానీనదం కదలని దృశ్యం కాదు, జమాఖర్చులు గల కదిలే వస్తువు. చిన్న ఓడ దాని ముందు మౌనంగా నిలబడే అవకాశం ఇస్తుంది. ఎంత దూరంలో నిలబడాలో కూడా నేర్పుతుంది. అలాస్కా వెళ్లే వీలు మనలో కొద్దిమందికే ఉంటుంది. కానీ రెండు గ్లాసుల ప్రయోగం ప్రతి ఇంట్లోనూ చేయవచ్చు. సెలవుల్లో దీఘా వెళ్లినప్పుడు, సముద్రం ఒడ్డున ఎక్కడివరకు వస్తోందో పిల్లలకు చూపించవచ్చు.

ఆలోచించండి

1. తేలే మంచుకొండ ఎందుకు తిరగబడుతుంది?
2. ఒక హిమానీనదం ముందుకు వస్తుంటే, భూమి వేడెక్కడం లేదని చెప్పవచ్చా?
3. రెండవ గ్లాసులోనే నీటి మట్టం ఎందుకు పెరిగింది?