ఫలితాల రోజుల్లో పిల్లల పక్కన

ఇంటర్ ఫలితాలు వచ్చే రోజుల్లో కొన్ని ఇళ్లలో మాటలు తగ్గిపోతాయి. పిల్లలు అన్నం కెలుకుతూ కూర్చుంటారు, స్నేహితుల ఫోన్లు ఎత్తరు, రాత్రంతా మేలుకునే ఉంటారు. దాన్ని పొగరనో బద్ధకమనో కొట్టిపారేయకండి. రెండు వారాలైనా ఇలాగే ఉంటే సాయం అడగాల్సిందే.

అడగడానికి చోటుంది. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న టెలీ మానస్ అనే ఫోన్ సహాయ సేవను మొదలుపెట్టింది. నంబరు 14416. పగలూ రాత్రీ పనిచేస్తుంది, ఖర్చేమీ లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు. శిక్షణ పొందిన కౌన్సెలర్లు ముందు ఓపిగ్గా వింటారు, అవసరమైతే మానసిక వైద్యులతో కలుపుతారు. ఫోన్ పిల్లలే చేయాలని లేదు. ఏం చేయాలో తోచని అమ్మానాన్నలూ చేయవచ్చు. ఈ సంగతి ఊరూరా తెలియాలి.

పిల్లలతో మాట్లాడేటప్పుడు పక్కింటివాళ్ల మార్కుల ఊసెత్తకండి. చచ్చిపోవాలనిపిస్తోందా అని నెమ్మదిగా, నేరుగా అడగండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకండి. పురుగుమందులు, మాత్రలు అందకుండా తీసేయండి. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఇక ఫలితం విషయానికొస్తే, ఫెయిలైన సబ్జెక్టుకు కొద్ది వారాల్లోనే అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ పరీక్ష ఉంటుంది. ఆ మాట ముందు మీరే చెప్పండి.