ఉబ్బసవ్యాధియు మన సంఘముయొక్క కర్తవ్యమును
(కవిటి వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



విద్యార్థివేతనములను గూర్చియు, కల్యాణమండపమును గూర్చియు పెద్దలు విపులముగా ప్రసంగించిరి. మాకు నియమింపబడిన విషయము ఉబ్బసము. ఉద్దానమున వ్యాధియనగనే మూత్రపిండముల వ్యాధియే యెల్లరకును స్ఫురించును. అది న్యాయమే. పలాసయందు 2023 డిసెంబరులో దానికొరకు పరిశోధనకేంద్రమును, 200 పడకల ఆసుపత్రియు వెలసినవి. ఉబ్బసమునకట్టి ప్రసిద్ధి లేదు. రాత్రి రెండుగంటలవేళ రోగిని మంచముపై కూర్చుండబెట్టి, తెల్లవారునప్పటికి విడిచిపెట్టును. పగలు చూచినవారు వానిని రోగియని తలంపరు. నలువదియేండ్లుగా దీనితో కాపురము చేయుచున్నాము గనుక, ఈ విషయమున మాటలాడుటకు మాకు కొంత యధికారము గలదు.

చరకసంహిత శ్వాసరోగమును ఐదువిధములుగా విభజించి, నేటి ఉబ్బసమునకు సరిపోవుదానిని తమకశ్వాసమనినది. మబ్బు, వాన, చలి, తూర్పుగాలి దానిని హెచ్చించుననియు, పరుండిన బాధ యధికమై కూర్చుండిన తగ్గుననియు అందు గలదు. తూర్పున సముద్రముగల కవిటివారికి ఈ తూర్పుగాలిమాట వివరింపనక్కరలేదు. అంతకన్న ముఖ్యమైనది మఱియొకటి గలదు. క్రొత్తగా పుట్టినపుడు సాధ్యమైనను కావచ్చునుగాని, ఈ వ్యాధి సాధారణముగా యాప్యము. యాప్యమనగా సమూలముగా పోవునదియు కాదు, అసాధ్యమని విడువదగినదియు కాదు, పథ్యౌషధములచే నిలిపియుంచదగినది. కూలనున్న యింటికి చక్కగా నిలిపిన ఊతకంబముతో సుశ్రుతసంహిత ఈ చికిత్సను పోల్చినది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను చూచిన మనకు ఊతకంబము విలువ బాగుగ తెలియును. అయినను మనవారు చేయుచున్నదేమి? ఆయాసము తగ్గగనే మందు మానుచున్నారు. ఇల్లు నిలిచినదిగదా యని ఊతకంబమును తీసి పొయ్యిలో పెట్టుటయే యిది.

నేటి వైద్యశాస్త్రమును ఇదేమార్గమున నడచుచున్నది. ఊపిరిగొట్టములలో వాపు ఆయాసము లేనినాడును ఉండును. సాల్బుటమాలు గొట్టములను తత్కాలమునకు విప్పును, వాపును తగ్గింపదు. వాపును తగ్గించునవి పీల్చు బుడెసొనైడు మొదలగునవి. సాల్బుటమాలు నొక్కదానినే నమ్ముకొనరాదనియు, వాపుమందు తోడుగా నుండవలెననియు అంతర్జాతీయ వైద్యసంఘమువారు 2019లో నిర్ణయించిరి. ఇన్‌హేలరు ‘అలవాటు పడును’ అనుమాట ప్రతి వీథియందును వినుచున్నాము. ఆ మాట చెప్పువారే సూదివేయించుకొనుటకు పరుగెత్తుదురు! ఇన్‌హేలరు మందు మైక్రోగ్రాములలో నుండును. మాత్రలు, సూదులలోని స్టెరాయిడు మిల్లీగ్రాములలో, అనగా వేయిరెట్ల కొలతలో నుండును. అది మాటిమాటికి ఒడలికెక్కినచో రక్తపుపోటును, చక్కెరయు హెచ్చును. ఆ రెండును మూత్రపిండములకు శత్రువులు. ఉద్దానమువారికి ఇంతకన్న చెప్పవలెనా? నొప్పిమాత్రలు కొందఱికి ఆయాసమును రేపును. ప్రొప్రనొలాలువంటి పోటుమాత్రలును అంతే. కావున ఏ వైద్యునియొద్దకేగినను ముందుగా ఉబ్బసమున్నదని చెప్పవలయును.

మృగశిరకార్తెనాడు హైదరాబాదున నాంపల్లి మైదానములో బత్తినివారిచ్చు చేపమందునకు మనవారును పోవుచున్నారు. వారి విశ్వాసమును మేము నిందింపము. అచట రుసుమును లేదు. ఆ ప్రయాణమున ఇన్‌హేలరును ఇంట విడిచి పోవలదని మాత్రమే మా ప్రార్థన.

ఇక మనస్సును కలచు సంగతి. మేమెఱిగిన యొక కోడలు, పుట్టినింటివారి యాజ్ఞవలన, ఇన్‌హేలరును బియ్యపుడబ్బాలో దాచుకొని కాపురము చేసినది. అత్తవారికి తెలియదు. మాఘమాసమున నొకరాత్రి డబ్బా తీయుటకు వీలులేక, పెరటిలో గోడనానుకొని కూర్చున్నది. బరంపురమున నొక ఆసుపత్రిలో ప్రాణము దక్కినది. బిల్లు చెల్లించుటకు మెడలోని బంగారము తాకట్టుపడినది. ఆ ధనముతో ఎన్ని యేండ్లకు మందు వచ్చియుండునో లెక్కలు తెలిసిన మీరే చూచుకొనుడు. ఈ సంచికయందే వధూవరుల వివరముల పుటలు గలవు. అందు ప్రతికన్యయు ‘సంపూర్ణారోగ్యవతి’యే! వరుడు చుట్టకాల్చునా యని అడిగినవారు లేరు. ఉబ్బసము అంటువ్యాధి కాదు. తల్లికుండిన బిడ్డకు రావచ్చును, రాకపోవచ్చును. మందు బహిరంగముగ వాడుకొను పిల్ల వండగలదు, చదువగలదు, బిడ్డలను కనగలదు. దాచుకొను పిల్లకే అపాయము. సంబంధములు కుదుర్చు పెద్దలు ఈ సభయందే యున్నారు. ఈ మాట వారి నోట వెలువడినగాని ఆ డబ్బా మూత తెఱువబడదు.

ఖర్చుమాట. సాల్బుటమాలును, బుడెసొనైడును 2022 నాటి జాతీయ ఆవశ్యక ఔషధముల పట్టికలో నున్నవి. ఇట్టివాని ధరలకు ప్రభుత్వము పరిమితి విధించును. 2008లో నారంభమైన జనౌషధి దుకాణములలో మందులు చౌకగా దొరకును. సర్కారు ఆసుపత్రికి పోయినపుడు సూదినిగాక ఇన్‌హేలరునే అడుగుడు. పిల్లలకును, ముసలివారికిని మందు నోటిలోనే పడిపోకుండ నడుమ నొక గొట్టము కావలయును. దానిని కొనలేనివారికి ఉపాయము గలదు. 1999లో దక్షిణాఫ్రికాయందలి కేప్‌టౌను వైద్యులు, అరలీటరు పానీయపు ప్లాస్టికుసీసా అడుగున ఇన్‌హేలరు పట్టునంత రంధ్రముచేసి, సందులు మూసి పిల్లలకు వాడిచూడగా, కొన్న సాధనముతో సమానముగ పనిచేసినదని ప్రకటించిరి. అట్టి సీసాలు మన వివాహములలో బస్తాలకొలది పారవేయబడుచున్నవి.

పొగను గూర్చి యొక్కమాట. జీడిపిక్కల బట్టీల పొగ, కొబ్బరిపీచు దుమ్ము మన జీవనోపాధితో ముడిపడినవి. ముక్కునకు గుడ్డ కట్టుకొనుటయైన చేయవలెను. వంటింటిలో డొక్కలు, మట్టలు మండించుటకు మాత్రమిపుడు కారణము తగ్గినది. ఏడాదికి మూడు ఉచిత సిలిండర్ల దీపము పథకము 2024 నవంబరు 1న మన ప్రక్కనున్న ఈదుపురముననే యారంభమైనది. ముసలమ్మల అడ్డపొగను మాన్పించుట మాత్రము మావలన కాదు; మనుమలే పూనుకొనవలెను.

కల్యాణమండపనిధి వడ్డీనుండి కొంత ప్రత్యేకించి, బీదకుటుంబములలోని ఉబ్బసరోగులకు నెలనెల వాపుమందు కొనియిచ్చుటకును, మార్గశిరమునకు ముందే యొక దినమున వైద్యుని పిలిపించి ఇన్‌హేలరు పీల్చు విధానమును చూపించుటకును తీర్మానమును వ్రాసి కార్యదర్శిగారికిచ్చియున్నాము. మధ్యాహ్నపు సమావేశమున దానిని చర్చకు తీసికొనవలసినదిగా అధ్యక్షులవారిని కోరుచున్నాము.