మాంటా టేకు చేపలు: అధ్యయనం, సంరక్షణ



ఈ రోజు మన ప్రసంగాంశం ఒక సముద్ర జీవి. ఢిల్లీ, నోయిడా, గురుగ్రామ్ ప్రాంతాల్లో చదువుకుంటున్న వారికి ఇది కాస్త వింతగా తోచవచ్చు. ఇక్కడి నుంచి ఏ దిక్కుకు బయలుదేరినా సముద్రం చేరటానికి వందల కిలోమీటర్లు ప్రయాణించాలి. అయినా ఈ విషయానికి ఢిల్లీతో దగ్గరి సంబంధం ఉంది. ఏ సముద్రపు చేపను పట్టకూడదో చెప్పే కేంద్ర చట్టం తయారైంది ఢిల్లీలోనే. ఆ చట్టాన్ని తీరానికి, పడవ మీదికి చేర్చిన కృషిలో ఒక ముఖ్య భాగం పక్కనే ఉన్న నోయిడా నుంచి నడిచింది.

చట్టంలో ఒక చేప పేరు చేర్చితే ఆ చేప బతికిపోతుందా? చేర్చటానికీ బతకటానికీ మధ్య ఇంకేం జరగాలి? ఈ ప్రశ్నను మనసులో పెట్టుకుని ముందుకు వెళదాం.

మాంటా అంటే ఏమిటి?

మన కోస్తాలో టేకు చేపలు అందరికీ తెలుసు. బల్లపరుపు శరీరం, పొడవైన తోక, రెండు పక్కలా రెక్కల్లా విస్తరించిన ఈదులు. మాంటా ఈ జాతిలోకెల్లా పెద్దది. మహాసముద్ర మాంటా ఒక రెక్క చివర నుంచి రెండో రెక్క చివర వరకు 7 మీటర్ల దాకా పెరగగలదు. తీరప్రాంతపు పగడపు దిబ్బల దగ్గర తిరిగే మాంటా దానికంటే కొంచెం చిన్నది. ఈ రెండూ వేర్వేరు జాతులని 2009లో ఆండ్రియా మార్షల్, ఆమె సహచరులు నిరూపించారు. అంతవరకు శాస్త్రవేత్తలు సైతం రెంటినీ ఒకటిగానే లెక్కించారు. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ అవసరం పడుతుంది.

ఆకారం చూసి భయపడాల్సిన పని లేదు. తల ముందు కొమ్ముల్లా కనిపించే రెండు మడతల వల్ల పూర్వం నావికులు దీన్ని దెయ్యపు చేప అన్నారు. నిజానికి ఆ మడతలు నీటిని నోట్లోకి మళ్లించే సాధనాలు మాత్రమే. మాంటా ఆహారం నీటిలో తేలే అతి చిన్న ప్రాణులు, అంటే జంతు ప్లవకాలు. నోరు తెరిచి ఈదుతూ ఉంటే నీరు మొప్పల గుండా బయటికి పోతుంది, ప్లవకాలు లోపలి పలకలకు చిక్కుతాయి. జల్లెడలో పిండి జల్లించినట్టే అనుకోండి. ఆశ్చర్యమేమిటంటే ఆ పలకలే దాని ప్రాణానికి ముప్పు తెచ్చాయి. ఎండబెట్టిన పలకలను చైనాలోని గ్వాంగ్‌ఝౌ వంటి చోట్ల ఔషధమనే పేరుతో అమ్ముతూ వచ్చారు. వాటికి రోగం నయం చేసే గుణం ఉందనటానికి శాస్త్రీయ ఆధారం లేదు.

ఒక చిన్న లెక్క

మాంటాను కాపాడటం ఎందుకంత కష్టమో తెలియాలంటే ఒక లెక్క వేయాలి. కవళ్లు మనకు చవకగా దొరికే చేప. ఒక ఆడ కవళ్ల చేప ఒక్కసారికి వేల సంఖ్యలో గుడ్లు పెడుతుంది. మాంటా గుడ్లు పెట్టి వదిలేయదు. సుమారు ఏడాది పాటు పిల్లను కడుపులో మోసి, సాధారణంగా ఒక్క పిల్లనే కంటుంది. మళ్లీ కాన్పుకు రెండు నుంచి ఐదేళ్లు పట్టవచ్చు.

ఒక ఆడ మాంటా ముప్పై ఏళ్ల పాటు, మూడేళ్లకొక పిల్ల చొప్పున కన్నదనుకుందాం. జీవితం మొత్తంలో పది పిల్లలు. వాటిలో సొరచేపల నుంచి, వలల నుంచి తప్పించుకుని పెద్దవయ్యేవి ఎన్ని? కవళ్ల సంఖ్య ఒక ఏడాది తగ్గితే కొన్నేళ్లలో కోలుకోవచ్చు. మాంటాల గుంపులో ఏటా కొన్ని ఆడ చేపలు పోయినా ఆ లోటు పూడటానికి ఒక తరం చాలదు. పుట్టుక మందగతిన సాగే జీవికి చావు కొంచెం పెరిగినా పెద్ద దెబ్బే. మహాసముద్ర మాంటాను అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం అంతరించే ప్రమాదంలో ఉన్న జాతిగా గుర్తించింది.

సముద్రంలో లెక్క ఎలా?

పులులను అడవిలో లెక్కించటం మీకు తెలుసు. చారలు ఏ రెండు పులులకూ ఒకేలా ఉండవు గనుక కెమెరా ఫోటోలతో వాటిని వేరుచేస్తారు. మాంటాలకు చారలు లేవు గాని, పొట్ట మీద మచ్చలు ఉన్నాయి. మన వేలిముద్రల్లాగే ఆ మచ్చల అమరిక ఒక్కో చేపకు ఒక్కో రకం. ఏళ్లు గడిచినా మారదు. మునక ఈతగాడు కింది నుంచి తీసిన ఒక్క ఫోటో ఆ చేపకు గుర్తింపు కార్డు అవుతుంది.

గుర్తింపు దొరికాక సంఖ్యను అంచనా వేయవచ్చు. ఉదాహరణకు ఒక దీవి దగ్గర మొదటి వారం 20 మాంటాల ఫోటోలు తీశారనుకోండి. కొంతకాలం తరువాత 25 మాంటాల ఫోటోలు తీశారు. వాటిలో 5 పాతవే. అంటే రెండోసారి కనిపించిన వాటిలో ఐదో వంతు మనకు ముందే తెలిసినవి. కాబట్టి మొదటి 20 కూడా మొత్తంలో ఐదో వంతే అయి ఉండాలి. మొత్తం సుమారు 100. ఈ మధ్యకాలంలో కొత్త చేపలు రాలేదు, ఉన్నవి వెళ్లిపోలేదు అన్న షరతు మీదనే ఈ లెక్క నిలుస్తుంది. అందుకే శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి ఫోటోలు సేకరిస్తారు, కొన్ని చేపలకు ఉపగ్రహ సంకేతాలు పంపే పరికరాలు అమర్చి రాకపోకలు గమనిస్తారు.

ఇదే పద్ధతి వేల్ షార్క్‌కూ పనికొస్తుంది. మాంటాలాగే ఇదీ నీటిని వడగట్టి బతికే సాధు జీవి. ప్రపంచంలోని చేపలన్నిటిలోకీ పెద్దది. దాని ఒంటి మీద తెల్లని చుక్కలు నక్షత్రాల్లా ఉంటాయి. ఆకాశం ఫోటోల్లో నక్షత్ర సమూహాలను పోల్చటానికి ఖగోళ శాస్త్రవేత్తలు వాడే గణిత పద్ధతినే ఈ చుక్కలకు అన్వయించి 2005లో ఒక పరిశోధన వెలువడింది.

వేల్ షార్క్ నేర్పిన పాఠం

ఇప్పుడు ఢిల్లీకి వద్దాం. 1990ల చివరలో గుజరాత్‌లోని సౌరాష్ట్ర తీరంలో వేల్ షార్క్‌లను వందల సంఖ్యలో వేటాడేవారు. కాలేయపు నూనెను పడవ చెక్కలకు పూసేవారు, మాంసం ఎగుమతి అయ్యేది. కొక్కేలకు పీపాలు కట్టి వేటాడటం వల్ల అక్కడి జాలర్లు ఆ చేపనే 'బారెల్' అని పిలిచేవారు. ఢిల్లీకి చెందిన చిత్ర నిర్మాత మైక్ పాండే ఈ వేటను చిత్రీకరించి, 2000లో 'షోర్స్ ఆఫ్ సైలెన్స్' అనే చిత్రం తీశారు. దూరదర్శన్ ప్రేక్షకులకు 'ఎర్త్ మ్యాటర్స్' కార్యక్రమం ద్వారా ఆయన పరిచితులే. 2001 మే నెలలో కేంద్ర ప్రభుత్వం వేల్ షార్క్‌ను వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లోని మొదటి షెడ్యూల్‌లో చేర్చింది. మన దేశంలో చట్టరక్షణ పొందిన మొదటి చేప అదే.

అదే ఏడాది జులైలో మరో ఉత్తర్వు వచ్చింది. సొరలు, టేకులు మొత్తంగా ఒకేసారి షెడ్యూల్‌లోకి వెళ్లాయి. తీరమంతా ఆందోళన చెలరేగింది. సొరచేప మీద బతికే కుటుంబాలు ఎన్నో. డిసెంబరులో ప్రభుత్వం జాబితాను పది జాతులకు తగ్గించింది. ఆ పదిలో మాంటా లేదు. జీవనోపాధిని లెక్కలోకి తీసుకోకుండా, ఏ జాతి ఎంత ప్రమాదంలో ఉందో విడమరచకుండా తెచ్చిన నిషేధం ఆరు నెలలు కూడా నిలవలేదని గమనించండి.

వేల్ షార్క్ విషయంలో మాత్రం కథ మరోలా సాగింది. నోయిడా కేంద్రంగా పనిచేసే వైల్డ్‌లైఫ్ ట్రస్ట్ ఆఫ్ ఇండియా, గుజరాత్ అటవీ శాఖ, టాటా కెమికల్స్ తదితరులు కలిసి 2004లో ప్రచారం ప్రారంభించారు. 'ఇది నేరం' అని బెదిరించటంతో వాళ్లు మొదలుపెట్టలేదు. కథకుడు మొరారీ బాపు ఈ చేపను పురుడు పోసుకోవటానికి పుట్టింటికి వచ్చిన కూతురితో పోల్చారు. పుట్టింటికి వచ్చిన ఆడపడుచుకు ఎవరు హాని తలపెడతారు? 'బారెల్' పేరు పోయి 'వ్హాలీ', అంటే ముద్దులది, అనే పేరు వచ్చింది. మాటతోనే సరిపెట్టలేదు. చేపను విడిపించటానికి వల కోస్తే జాలరికి నష్టపరిహారం ఇచ్చే ఏర్పాటు చేశారు. అటవీ సిబ్బంది వచ్చేదాకా కాచుకోకుండా జాలరే విడిపించి, ఫోటో తీసి చూపించేలా కెమెరాలు ఇచ్చారు. ఇప్పటికి 900కు పైబడి వేల్ షార్క్‌లను గుజరాత్ జాలర్లు వలల నుంచి వదిలిపెట్టారు.

మన తీరంలోనూ అలాంటి ఘటన జరిగింది. 2021 డిసెంబరులో విశాఖపట్నం సమీపంలోని తంతడి తీరానికి ఒక వేల్ షార్క్ కొట్టుకొచ్చింది. మత్స్యకారులు, అటవీ సిబ్బంది, సంరక్షణ కార్యకర్తలు కలిసి దాన్ని తిరిగి సముద్రంలోకి పంపారు. ఆ చేప చుక్కల ఫోటోలను పోల్చి చూసేందుకు మాల్దీవుల్లోని పరిశోధకులతో పంచుకునే ఏర్పాటు చేశారు.

మాంటా ముందున్న పరీక్ష

మాంటా వంతు ఆలస్యంగా వచ్చింది. 2013లో బ్యాంకాక్‌లో జరిగిన సైటిస్ సమావేశం మాంటాల అంతర్జాతీయ వ్యాపారానికి నియంత్రణ విధించింది. 2022 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన సవరణ చట్టంతో మాంటాకు మన దేశంలో చట్టరక్షణ లభించింది. ఆ సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. మొదటి షెడ్యూల్‌లోని జీవిని వేటాడితే మూడు నుంచి ఏడేళ్ల జైలు, కనీసం 25,000 రూపాయల జరిమానా. 2025లో సమర్‌కంద్ సమావేశం మాంటాలను, వాటి దగ్గరి బంధువులను సైటిస్ మొదటి అనుబంధంలోకి మార్చింది. అంటే దేశాల మధ్య వాటి వాణిజ్యం నిషిద్ధం.

చట్టం సిద్ధమైంది. ఇక సమస్య ఎక్కడ? రెండు చోట్ల.

మొదటిది గుర్తింపు. క్రేనుతో ఒడ్డుకు చేర్చిన భారీ టేకు చేప వార్తలు మీరు చూసే ఉంటారు. ఆ వార్తల్లో బరువు ఉంటుంది, ధర ఉంటుంది. ఏ జాతో ఉండదు. టేకులన్నీ మాంటాలు కావు. చూడాల్సిన గుర్తులు ఇవి: మాంటా నోరు తల ముందు అంచున ఉంటుంది, దాని బంధువులైన ఇతర కొమ్ముల టేకులకు కింది వైపు ఉంటుంది. మహాసముద్ర మాంటా వీపు మీద భుజాల దగ్గరి తెల్లని మచ్చల మధ్య నల్లరంగు ఇంగ్లీషు 'టీ' అక్షరంలా, పగడపు దిబ్బల మాంటాకు 'వై' అక్షరంలా కనిపిస్తుంది. శాస్త్రవేత్తలకే 2009 వరకు పట్టని తేడాను అర్ధరాత్రి వల లాగుతున్న జాలరి తనంతట తాను పట్టుకోవాలని ఎలా ఆశించగలం? అతని భాషలో, అతను వాడే పేర్లతో, బొమ్మలతో చెప్పాలి.

రెండోది మరింత కఠినం. వేల్ షార్క్ వలలో పడ్డా చాలాసార్లు ప్రాణాలతో ఉంటుంది, వల కోస్తే వెళ్లిపోతుంది. మాంటా శ్వాసించటానికి ఈదుతూనే ఉండాలి. వలలో చుట్టుకుని కదలిక ఆగితే ఊపిరాడదు. వల పైకి తీసేసరికి అది చనిపోయి ఉండవచ్చు. కావాలని పట్టని, చచ్చిపోయిన చేపను ఏం చేయాలి? ఒడ్డుకు తెస్తే కేసు అవుతుందన్న భయంతో సముద్రంలోనే పారేస్తే, ఎన్ని చనిపోతున్నాయో మనకు ఎప్పటికీ తెలియదు. శిక్ష భయం ఒక్కటే ఉంటే సమాచారం దాక్కుంటుంది. సమాచారం దాక్కుంటే ఏ కాలంలో, ఏ చోట వల వేయకుండా ఉంటే మేలో చెప్పలేం. ఈ చిక్కును జాలర్లను కూర్చోబెట్టుకుని మాట్లాడే విప్పాలి.

ప్రాణంతో చిక్కిన వాటిని వదిలే పద్ధతి కూడా ముఖ్యం. కొక్కెం గుచ్చకూడదు. తల ముందు మడతలు పట్టుకుని గాని, మొప్పల్లో చేయి పెట్టి గాని లేపకూడదు. వీలైతే నీటిలో ఉండగానే వల కోయాలి. పడవలోకి వస్తే బరకం మీద దొర్లించి త్వరగా నీటిలోకి జార్చాలి.

మీరు ఏం చేయగలరు?

సెలవులకు కోస్తా జిల్లాలకు వెళ్లినప్పుడు విశాఖ, కాకినాడ, మచిలీపట్నం రేవుల్లో ఒక ఉదయం గడపండి. పెద్దల అనుమతితో, పని చేసుకునే వారికి అడ్డు రాకుండా, ఒడ్డుకు వచ్చిన టేకుల ఫోటోలు తీయండి. కొలత తెలియటానికి పక్కన ఒక స్కేలు పెట్టండి. ఆ చేపను అక్కడి మత్స్యకారులు ఏమని పిలుస్తారో రాసుకోండి. మీ జీవశాస్త్ర ఉపాధ్యాయుల ద్వారా కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ విశాఖపట్నం కేంద్రానికి వాటిని పంపవచ్చు. ఒక ఊరి పేరుకూ ఒక శాస్త్రీయ నామానికీ లంకె కుదిరితే, అది పుస్తకంలో లేని జ్ఞానం.

చివరగా, మొదట వేసుకున్న ప్రశ్నకు జవాబు మీరే చెప్పగలరు. పేరు చేర్చటం ఢిల్లీలో జరిగే పని. చేపను గుర్తుపట్టి వదలటం నడి సముద్రంలో, పడవ మీద, నష్టం భరించి ఒక మనిషి చేసే పని. ఆ మనిషికి తెలివిడినీ భరోసానూ ఇవ్వగలిగిన చోట వేల్ షార్క్ బతికింది. మాంటాకు అదే చేయగలమా అన్నది మన ముందున్న పరీక్ష.